హిట్లర్ గురించి చదివే అమ్మాయికి ఏ కోర్సు మంచిది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పదిలో మంచి మార్కులే వచ్చాయి. కొన్నాళ్లుగా ఎంసెట్ మెటీరియల్ పక్కన పడేసి హిట్లర్, నాజీలు, జర్మనీ పార్లమెంటు అంటూ అవే చదువుతోంది. బీటెక్ వద్దట, బీఏ చేసి ఎన్నికల వ్యూహాలు రాసే కంపెనీలో చేరుతుందట. కోపమొచ్చి ఆ పుస్తకాలు అటకెక్కించాను. తన రఫ్ నోట్సులో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. బీటెక్ సీఎస్‌ఈ, బీఏ, ఐదేళ్ల లా, ఈ మూడింటినీ పోల్చి చెప్పండి. అసలు ఆడపిల్ల ఇలాంటివి చదవడం మంచిదేనా? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. పిల్ల దారి తప్పుతోందేమో, హిట్లర్‌ని మెచ్చుకుంటోందేమో అన్నది మీ భయం. ముందు దాని సంగతి చూద్దాం.

మీరు పంపిన పేజీలో పెన్సిల్‌తో రాసిన పట్టిక ఉంది. జర్మనీ పార్లమెంటు రైష్‌టాగ్‌లో నాజీ పార్టీ సీట్లు: 1928లో 12, 1930లో 107, 1932 జులైలో 230, అదే ఏడాది నవంబర్‌లో 196, 1933 మార్చిలో 288. అందులో 196 చుట్టూ గీత గీసి, పక్కన ‘తగ్గాక ఎలా వచ్చాడు?’ అని రాసుకుంది. హిట్లర్ వీడియోలు చూసి ఊగిపోయే పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తారు. వాళ్లకు తెలిసిన కథ ఒక్కటే: బాగా మాట్లాడాడు, జనం పడిపోయారు. మీ అమ్మాయి గీత గీసిన అంకె దగ్గర ఆ కథ నిలవదు.

ఎందుకంటే 1932 నవంబర్‌లో ఆ పార్టీకి అంతకు ముందుకన్నా దాదాపు 20 లక్షల ఓట్లు తగ్గాయి, 34 సీట్లు పోయాయి. మూడు నెలలు తిరగకముందే, 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) అయ్యాడు. ఓట్లు తగ్గినవాడికి కుర్చీ ఎలా దక్కింది? జవాబు వీధుల్లో కన్నా పార్లమెంటులోనే ఎక్కువ దొరుకుతుంది. 1930 మార్చిలో నిరుద్యోగ బీమా చెల్లింపుల గొడవతో సంకీర్ణ ప్రభుత్వం కూలింది. తర్వాత వచ్చిన చాన్సలర్ బ్రూనింగ్‌కు మెజారిటీ లేదు. రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర ఆర్డినెన్సులు తెచ్చి నెట్టుకొచ్చాడు. సభ కాదంటే సభనే రద్దు చేయించాడు. దాంతో వచ్చిన 1930 ఎన్నికల్లోనే నాజీల 12 సీట్లు కాస్తా 107 అయ్యాయి. 1932 వచ్చేసరికి సభ ఏడాది మొత్తంలో చేసిన చట్టాలు అయిదు, ఆర్డినెన్సులు అరవై దాకా. ఆ జులై ఎన్నికల్లో నాజీలు, కమ్యూనిస్టులు ఒకరినొకరు వీధుల్లో కొట్టుకుంటూనే 608 సీట్లలో 319 పట్టుకున్నారు. ఇద్దరికీ ఆ సభ మీద నమ్మకం లేదు. మరి ప్రభుత్వం ఎవరి మద్దతుతో నిలబడుతుంది?

1932 సెప్టెంబర్ 12న ఏం జరిగిందో మీ అమ్మాయినే అడగండి. సభను రద్దు చేసే ఉత్తర్వు చేతిలో పట్టుకుని, బ్రూనింగ్ తర్వాత వచ్చిన చాన్సలర్ పాపెన్ మాట్లాడతానంటాడు. స్పీకర్ కుర్చీలో ఉన్నది నాజీ నాయకుడు గోరింగ్. చూడనట్టు ముఖం తిప్పుకుని ఓటింగ్ మొదలుపెడతాడు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా 512, అనుకూలంగా 42. అదే పాపెన్ కొన్ని నెలలకు ముసలి హిండెన్‌బర్గ్‌ను ఒప్పించి హిట్లర్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే కదా, పగ్గాలు మన చేతిలోనే ఉంటాయనుకున్నాడు.

ఇదంతా అమ్మాయి ఆసక్తిగా చెబితే నిశ్చింతగా ఉండండి. యూనిఫారాలు, కవాతులు, ఉపన్యాసాల గురించే చెబితే మాత్రం నాకు మళ్లీ రాయండి, అప్పుడు నాకూ కాస్త భయమే. ఆమె పట్టికలో లేని ఒక అంకె కూడా చెప్పండి: 94. పార్లమెంటు అధికారాలన్నీ హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించే చట్టానికి 1933 మార్చి 23న వ్యతిరేకంగా పడిన ఓట్లు అవి, అన్నీ సోషల్ డెమొక్రాట్లవే. కమ్యూనిస్టు సభ్యుల్ని అసలు సభకే రానివ్వలేదు. హాల్లో నాజీ దళాలవాళ్లు నిలబడి ఉండగానే సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఓటో వెల్స్ లేచి ఆ చట్టం తప్పని మాట్లాడాడు.

ఇక మీకు రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. ఆ పేజీ ఫొటో తీసేముందు పిల్లని అడిగారా? పదిహేడేళ్ల పిల్ల నోట్సు తెరిచి బయటివాళ్లకు పంపితే, రేపు మీకు ఏం చెప్పుకుంటుంది? ఆడపిల్ల చదవొచ్చా అని అడిగారు. కొడుకైతే ‘చరిత్ర మీద ఎంత పట్టు ఉందో’ అని చుట్టాలకు చెప్పుకునేవారు కాదా? ఎంసెట్ పుస్తకాలు పక్కన పెట్టింది కాబట్టి ఇవి అటకెక్కించానంటారేమో. దానివల్ల ఎంసెట్ ర్యాంకు రాదు, చాటుగా ఫోన్లో చదువుతుంది, అంతే.

అయితే ఒక విషయంలో నేను మీ పక్షమే. ఎన్నికల వ్యూహాల కంపెనీ అనే మోజు నాకూ నచ్చదు. ఈ మధ్య ఇది పెద్ద ఫ్యాషన్ అయింది. లాప్‌టాప్, సర్వేలు, పెద్ద నాయకుల పక్కన ఫొటో, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఎన్నికలకు ముందు కుప్పలుగా తీసుకుంటారు, ఫలితాలు రాగానే చాలామందిని పంపించేస్తారు. రాత్రీ పగలూ పని, చేతికి దక్కే అనుభవమేమో బూత్‌లవారీ లెక్కలు, వాట్సాప్ మెసేజ్‌లు. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఒక పార్టీ 12 నుంచి 230కి ఎలా పెరిగిందని ఆలోచించే పిల్లకు, రేపు ఏదో ఒక పార్టీని అలాగే పెంచమని జీతమిస్తారు. ‘ఎందుకు’ అని అడిగే వీలు అక్కడ తక్కువ. డిగ్రీ, పీజీ అయ్యాక, తన మనసు తనకు తెలిశాక వెళ్తే వెళ్లనివ్వండి. ఇంటర్ పిల్లకు అది లక్ష్యంగా పెట్టొద్దు.

ఇప్పుడు పోలిక. బీటెక్ సీఎస్‌ఈ మంచి కాలేజీలో వస్తే మంచిదే. ఏదో ఒక కాలేజీలో సీఎస్‌ఈ సీటంటే ఉద్యోగం కాదని మీకూ తెలుసు. మనసు లేకుండా చేరితే బ్యాక్‌లాగులు మిగులుతాయి. బీఏ అంటే మీకు ఊళ్లో డిగ్రీ కాలేజీ గుర్తొస్తోంది. సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాస్తే మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో హిస్టరీ, పొలిటికల్ సైన్స్ ఆనర్స్ ఉన్నాయి. ఎంపీసీ పిల్లలూ చేరొచ్చు. ఆమె లెక్కలు ఎక్కడికీ పోవు, స్టాటిస్టిక్స్ తోడైతే పరిశోధన సంస్థల్లో, పత్రికల్లో డేటా పనికి గిరాకీ ఉంది.

నన్నడిగితే ఆమెకు లా ఎక్కువ నప్పుతుంది. ఆమె ప్రశ్న రాజ్యాంగానిది కదా. మన గ్రూప్స్, సివిల్స్ పుస్తకాల్లో కూడా ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల్ని నిలిపివేసే ఏర్పాటు ఆ 48వ అధికరణం ఉన్న జర్మనీ వైమార్ రాజ్యాంగం నుంచి వచ్చిందనే చదువుతారు. ఇప్పుడు ఆమె చదువుతున్నది ఆ రాజ్యాంగం ఎలా విఫలమైందన్నదే. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది, దాని ప్రవేశ పరీక్ష క్లాట్ రాయించండి.

ఈ ఏడాది ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్), సీయూఈటీ, క్లాట్ మూడూ రాయనివ్వండి. ఎంసెట్ మీ కోసం రాయమని అడిగితే రాస్తుంది, బలవంతపెడితే రాయదు. ఫలితాలు వచ్చేదాకా ఈ సంగతి చుట్టాల దగ్గర ఎత్తకండి. నేషనల్ లా కాలేజీల్లో ఫీజు ఎక్కువే. లా వైపు మొగ్గితే మీ ఆదాయం, ర్యాంకు రాసి పంపండి, స్కాలర్‌షిప్, బ్యాంకు లోన్ లెక్క విడిగా వేసి చెబుతాను.