దిగుబడి పెరగాలంటే నేల పాడవ్వాల్సిందేనా?

దేశానికి తిండి సరిపోవాలంటే ఎరువులు పెంచక తప్పదు, పెంచితే నేల దెబ్బతింటుంది, మరి దారేంటి అని అడిగారు. తెనాలి వైపు మాకు కొంచెం మాగాణి ఉంది. అక్కడ చూసిందే చెప్తాను.

నేలను ఎక్కువగా పాడుచేస్తున్నది ఒకే ఎరువును, అంటే నత్రజని ఇచ్చే యూరియాను, గుమ్మరించడం. 45 కిలోల యూరియా బస్తా 270 రూపాయల లోపే వస్తుంది. భాస్వరం ఎక్కువుండే డీఏపీ 50 కిలోలు 1,350. చేను కాస్త పాలిపోతే చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టి, యూరియాను మాత్రం ప్రభుత్వమే ధర కట్టే పాత పద్ధతిలోనే వదిలేశారు. నన్నడిగితే అసలు చిక్కు అక్కడే.

ఒక సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మా వరి గిడసబారి, ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చాయి. చూసినవాళ్లంతా ఇంకో అరబస్తా యూరియా చల్లమన్నారు. మట్టి పరీక్ష చేయిస్తే జింకు లోపమని తేలింది. భాస్వరం ఎక్కువైనా మొక్కకు జింకు సరిగ్గా అందదు, ఏటా డీఏపీ వేసే చేలల్లో ఇది మామూలే. తర్వాతి ఏడు నాట్లకు ముందు దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేశాం. డీఏపీతో కలిపి వేయకండి, రెండు మూడు రోజులు ఎడం ఉండాలి. యూరియా తగ్గించినా దిగుబడి తగ్గలేదు.

పరీక్షకు మట్టిని గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయొద్దు. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున తీసి కలపాలి.

ఇక నేలకు తిరిగి ఇవ్వాల్సింది ఇవ్వాలి. తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నుతాం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లడం డెల్టాలో పాత అలవాటే, పప్పుకు పప్పు, నేలకు నత్రజని. గడ్డి మాత్రం తగలబెట్టనివ్వం.

అలాగని రసాయన ఎరువులు ఒక్కసారిగా ఆపేయమనేవాళ్ల మాట వినకండి. శ్రీలంక 2021లో వాటి దిగుమతి నిషేధించి, వరి, తేయాకు దెబ్బతిని, ఆ ఏడాదే వెనక్కి తగ్గింది.

ఎవరూ పెద్దగా మాట్లాడనిది కౌలు సంగతి. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలు సాగుదారుకిచ్చే పత్రం 11 నెలలకే. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియని మనిషి జీలుగ మీద ఎందుకు ఖర్చు పెడతాడు? అందుకే మా చేను కౌలుకిచ్చినా జీలుగ విత్తనం ఖర్చు, దున్నకం కూలి మేమే పెట్టుకుంటున్నాం.