స్లోలో ఆగే పాత బండికి ముందు ఎయిర్ లీక్ చూడు

చిరంజీవి అబ్బయ్యకు ఆశీస్సులు.

పాత మారుతి 800 నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద బాగానే పోతా, సిగ్నల్ దగ్గర ఊగి ఆగిపోతోందని రాశావు. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటర్ ఇప్పుడే విప్పించబాక, స్లో స్పీడు సరిచేసే ఐడిల్ స్క్రూ అసలే ముట్టుకోబాక. స్క్రూ తిప్పితే ఆగడం తగ్గుద్ది గానీ అసలు జబ్బు దాక్కుంటుంది.

స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, గాలిదారిని మూసే థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజన్‌లోకి గాలి పోయే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ (పీల్చే లాగుడు) గట్టిగా ఉంటుంది. పైపులోనో జాయింట్లోనో సన్న పగులున్నా గాలి లాగుద్ది, పెట్రోలు-గాలి మిక్చర్ పల్చనవుద్ది, మధ్యమధ్యలో మంట తప్పి మిస్సింగ్ వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోయి, ఇంజన్ పీల్చే గాలి మొత్తం పెరుగుద్ది. అప్పుడు ఆ కాస్త లీకు లెక్కలోకి రాదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్రతి వాక్యూమ్ పైపునూ చివర్ల దగ్గర వంచి చూడు. మన ఎండలకు రబ్బరు బిరుసెక్కి, గొట్టం మీద తొడిగిన చోటే చీలుద్ది. పైకి మాత్రం నిగనిగలాడతానే ఉంటది. పొడవు చాలితే ఆ చివర అర అంగుళం కోసి మళ్ళీ తొడుగు. కొందరు సెలైన్ పైపు ముక్క పెడతారు. అది వేడికి మెత్తబడి, లోపలికి నొక్కుకుని మూసుకుపోద్ది. వాక్యూమ్ పైపే కొను.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కున్న డయాఫ్రమ్ (పల్చటి పొర) పైపు కార్బ్యురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టు. పట్టు నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే. వాక్యూమ్‌తో బ్రేకుకు సాయం చేసే బ్రేక్ బూస్టర్ ఉన్న మోడలైతే, ఇంజన్ ఆపి బ్రేక్ పెడల్ ఐదారుసార్లు తొక్కి, అట్టే తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే పైపు, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది), బూస్టర్ చూడాలి. ఇంజన్ స్లోలో ఉండగా ఆ బూస్టర్ పైపును గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కు. ఐడిల్ కుదురుకుంటే లీకు ఆ వైపే. పైపు నొక్కి ఉంచి మాత్రం బండి నడపబాక, బ్రేకు రాయిలాగా అయిపోద్ది.

ఇవన్నీ బాగుంటే మిగిలేది కార్బ్యురేటర్ అడుగు గాస్కెట్, మ్యానిఫోల్డ్ గాస్కెట్ (జాయింట్లో గాలి కారకుండా వేసే అట్టలు). రెండడుగుల పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టి, రెండో కొస జాయింట్ల వెంట తిప్పు; లీకున్న చోట బుస్సుమంటది. తర్వాత స్ప్రే సీసాలో నీళ్ళు పోసి అక్కడే కొంచెం చిమ్ము. ఇంజన్ శబ్దం మారితే దొరికినట్టే. డిస్ట్రిబ్యూటర్ మీదా ప్లగ్ వైర్ల మీదా పడనీయబాక. క్లీనర్ స్ప్రే వాడే వాళ్ళున్నారు గానీ, వేడి సైలెన్సర్ పక్కన అంటుకుంటది, నువ్వు వద్దు.

గాస్కెట్ మార్చేటప్పుడు ఫ్లాంజ్ (గాస్కెట్ కూర్చునే చదును అంచు) మీద స్టీలు స్కేలు నిలబెట్టి అడుగున వెలుతురు కనిపిస్తోందేమో చూడు. నట్లు ఎక్కువ బిగించిన బండ్లలో ఫ్లాంజ్ వంగి ఉంటది, దానికి కొత్త గాస్కెట్ వేసినా వృథా. మ్యానిఫోల్డ్ నట్లు మధ్యలోంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించు.

వాక్యూమ్ గేజ్ దొరికితే మంచిదే. మన సముద్ర మట్టంలో మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ చూపిస్తుంది. ముల్లు కదలకుండా తక్కువలో నిలబడితే లీకన్నా అయ్యుండాలి, ప్లగ్ మంట టైమింగ్ వెనకబడన్నా ఉండాలి. క్రమం తప్పకుండా కొట్టుకుంటుంటే వాల్వుల వైపు చూడు.

లీకు మూసినాక ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, రేడియేటర్ ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, లైట్లూ ఏసీ ఆపి, అప్పుడు పట్టుకో ఐడిల్ స్క్రూ.

ఇట్లు,
మీ బాబాయి