కొత్త స్కానర్‌లో మొదట పది చానళ్లు చాలు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు చేతికొచ్చిందనీ, యూనిడెన్ బీసీ125ఏటీ స్కానర్, అంటే చానళ్లను ఒక్కొక్కటిగా వెతుకుతూ వినిపించే రేడియో, కూడా సంపాదించావనీ మీ అమ్మ చెప్పింది. ఎంతో సంతోషించాను. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే వందల కొద్దీ ఖాళీ గడులు కనిపించి దిగాలుపడ్డావట. ఆ కంప్యూటర్‌ను కాసేపు మూసి, ఒక కాగితం తీసుకో నాయనా.

ఖరీదైన స్కానర్లకు అమెరికాలో ఒక సౌకర్యం ఉంది. ఊరి పిన్‌కోడ్ ఇస్తే అక్కడి ఫ్రీక్వెన్సీలన్నీ వాటంతటవే దిగుతాయి. ఆ ఫ్రీక్వెన్సీల డేటాబేస్ అమెరికా, కెనడాల కోసం తయారైనది. హైదరాబాదులో ఉన్నవాడు తన జాబితా తానే రాసుకోవాలి. ఎవరో పంపిన ఫైలును యథాతథంగా ఎక్కించుకోవద్దు. అందులో ఏ చానల్ ఎందుకుందో తెలియకపోతే, రేడియో మూగబోయినప్పుడు తప్పెక్కడుందో ఎన్నటికీ పట్టుకోలేవు. నీ స్కానర్‌లో పది బ్యాంకులు (చానళ్ల గుంపులు), ఒక్కో దానిలో 50 చొప్పున 500 చానళ్లు ఉన్నాయి. మొదట ఒక్క బ్యాంకులో పది చానళ్లు నింపు, చాలు.

మన దేశంలో హామ్‌లకు కేటాయించిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండుతో మొదలుపెట్టు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మాట్లాడే 145.800 మెగాహెర్ట్జ్ మొదటి చానల్ కావాలి. ఆ కేంద్రం మన మీదుగా వెళ్లే కొద్ది నిమిషాల్లో అక్కడి నుంచి ప్రసారం ఉంటే, డాబా మీద నిలబడితే నీ చిన్న యాంటెన్నాకే అందుతుంది. నగరంలోని రిపీటర్ల (మన మాటను అందుకుని మరింత దూరానికి తిరిగి ప్రసారం చేసే కేంద్రాల) వివరాలు సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో అడుగు. పోలీసు, సైన్యం మాటలు మాత్రం వెతకొద్దు. చట్టం ఒప్పదు, మన లైసెన్సు గౌరవమూ ఒప్పదు.

ఇక కేబుల్. స్కానర్‌కు మినీ యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. ఇంట్లో మూలన దొరికిన తీగ చాలాసార్లు చార్జింగ్‌కే పనికొస్తుంది, లోపల డేటా తీగలుండవు. కంప్యూటర్ స్కానర్‌ను గుర్తించకపోతే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో డేటా కేబుల్ అని అడిగి తీసుకో. తర్వాత విండోస్ డివైస్ మేనేజర్‌లో స్కానర్‌కు ఏ కామ్ పోర్టు (కంప్యూటర్ దానితో మాట్లాడే దారి) నంబరు వచ్చిందో చూసి, సాఫ్ట్‌వేర్‌లో అదే ఎంచుకో.

స్కానర్ కంప్యూటర్‌తో కలిసిన వెంటనే దానిలోకి ఏమీ రాయకు. ముందు స్కానర్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చదివించి, తేదీతో పేరుపెట్టి భద్రపరచు. ఆ ఫైలును ఇక ముట్టుకోవద్దు. దాని నకలులోనే మార్పులు చెయ్యి. రెండు మూడు చానళ్లు రాశాక స్కానర్‌లోకి పంపి, విని, ఆ తర్వాతే మిగిలినవి చేర్చు.

గడుల్లో నిన్ను ఎక్కువగా ఏడిపించేది టోన్, అంటే మాటతో పాటు పంపే సన్నని గుర్తింపు ధ్వని. రిపీటర్‌తో మాట్లాడటానికి 88.5 హెర్ట్జ్ లాంటి టోన్ పంపాలని పుస్తకంలో చదివి, స్కానర్‌లోనూ చాలామంది అదే నింపుతారు. అప్పుడు ఆ టోన్ వినిపిస్తేనే స్కానర్ నోరు విప్పుతుంది. చాలా రిపీటర్లు తిరిగి ప్రసారం చేసేటప్పుడు టోన్ పంపవు. మనుషులు మాట్లాడుతూనే ఉంటారు, నీకు ఒక్క ముక్కా వినిపించదు. అందుకే టోన్ గడిని ఖాళీగా వదులు. అలాగే రిపీటర్ ప్రసారం చేసే ఫ్రీక్వెన్సీ ఒక్కటే నీకు కావాలి. దానికి 600 కిలోహెర్ట్జ్ దిగువన మనం పంపే ఫ్రీక్వెన్సీ స్కానర్‌కు అక్కర్లేదు.

మోడ్ గడిలో ఎఫ్ఎం ఉంచు. డిలే, అంటే మాట ఆగాక అదే చానల్‌లో వేచి ఉండే సమయం, రెండు సెకన్లు పెట్టు, లేకపోతే ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు జవాబిచ్చేలోగా స్కానర్ వేరే చానల్‌కు దూకేస్తుంది. పేరు గడిలో పదహారు అక్షరాలే పడతాయి కనుక పొట్టిగా రాయి. లాకౌట్ అన్న గడి ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే చానల్‌ను స్కానర్ దాటేస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా మాట రాకపోతే మొదట అదే చూడు. ఆ తర్వాత ఇన్వర్టర్, ఎల్‌ఈడీ దీపాలు ఆపి చూడు. వాటి రేడియో రొద చిన్న సంకేతాలను మింగేస్తుంది.

నీ కాగితం మీది పది చానళ్ల జాబితాను ఫోటో తీసి పంపు. నింపే ముందు ఒకసారి నేను చూస్తాను.

మీ మామయ్య