రక్తం వచ్చిందని బ్రష్ ఆపనియ్యకు

బిడ్డా,

బడిల మధ్యాహ్నం అన్నం తిన్నంక పిల్లలతోని పండ్లు తోమిస్తనన్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నర్సంపేట పక్క ఊర్లె అరవై మంది పిల్లలు, రెండు నల్లాలు, నువ్వొక్క టీచరువు. మస్తు సంబురమైంది. ఫోన్ పెట్టేసినంక గుబులు కూడ పట్టుకున్నది. అందుకే ఈ ఉత్తరం.

సామాన్ల సంగతి చిన్నదే. సాఫ్ట్ బ్రష్, చిన్న తలది తీస్కో. పేస్టు బఠాణీ గింజంత చాలు, ఉమ్మెయ్యాలె, మింగొద్దు. పోగులు విచ్చుకుంటే మూడు నెలలు ఆగకుండ మార్చు. తడి బ్రష్‌లన్నీ ఒకే మగ్గుల కుక్కి పెట్టకు. ఒకదానికొకటి తగలకుండ నిలబెట్టి గాలికి ఆరనియ్యి. చింతపండు చారు తిన్న రోజు అరగంట ఆగి తోమించు.

నా భయమంతా వేరే. మొదటి రోజే కొందరి బ్రష్‌కు రక్తం అంటుతది. పిల్ల ఇంటికి పోయి చెప్తది. "ఇగుర్లు (చిగుళ్ళు) నాజూకుగున్నయ్, బ్రష్ బంద్ పెట్టు, ఉప్పునీళ్ళతోని పుక్కిలించు" అంటరు. మన ఇండ్లల్ల తాతల కాలం నుంచి జరుగుతున్న తప్పు ఇదే, బిడ్డా.

తోమిన పన్ను మీద కొన్ని గంటలకే పాచి మళ్ళ పడ్తది. సూక్ష్మజీవుల పొర అది. పుక్కిలిస్తే పోదు, రుద్దాలె. పన్ను, ఇగురు కలిసే అంచున పాచి నిలిస్తే ఇగురు ఎర్రగై వాస్తది. లోపలి సన్నటి రక్తనాళాలు ఉబ్బుతయ్, పోగు తగలంగనే రక్తం. అంటే రక్తం వచ్చిన జాగల్నే పాచి ఉన్నది, ఆడనే బ్రష్ ఎక్కువ కావాలె. ఆ జాగ వదిలితే రెండు మూడు రోజులకే లాలాజలంల ఉన్న కాల్షియం పట్టి పాచి గారగ గట్టిపడుడు మొదలైతది. గార బ్రష్‌కు లొంగదు. కింది ముందరి పండ్ల లోపలి దిక్కు అది ఎక్కువ, లాలాజలం ఊరే రంధ్రాలు నాలుక కింద ఆడనే ఉంటయ్ కాబట్టి. ఏండ్ల తరబడి అట్లనే ఉంటే ఇగురు పన్నును విడుస్తది, కింది ఎముక కరుగుతది. ఇగురు వాపు తగ్గుతది గాని పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

1965ల డెన్మార్క్‌ల హెరాల్డ్ లోయె అనే దంత శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 12 మంది ఆరోగ్యంగున్నోళ్ళతో తోముడు బంద్ పెట్టించిన్రు. 10 నుంచి 21 రోజులల్ల అందరికీ ఇగుర్లు వాచినయ్. మళ్ళ తోముడు మొదలువెట్టినంక తగ్గినయ్.

అందుకని రక్తం వచ్చిన చోట ఇట్ల తోమించు. బ్రష్‌ను పెన్సిల్ లెక్క పట్టాలె. పోగులు సగం పన్ను మీద, సగం ఇగురు అంచు మీద, ఏటవాలుగ పెట్టాలె. రెండు మూడు పండ్లకు పది లెక్కపెట్టేదాక చిన్న చిన్న సున్నాలు చుట్టాలె. మొత్తం రెండు నిమిషాలు. వారం పది రోజులల్ల రక్తం తగ్గుతది. రెండు వారాలైనా తగ్గకున్నా, చీము కనవడ్డా, దంతవైద్యునికి చూపియ్యమను. గార తీయిస్తే పండ్లు కదులుతయని ఎవరన్న అంటే నమ్మొద్దు. గార పోయిన చోట ఖాళీ కనవడ్తది, అంతే.

బాసండ్లు తోమినట్టు అడ్డంగ రుద్దనియ్యకు. ఇటుక పొడి, బొగ్గు, ఎర్ర పండ్లపొడి పన్నును అరగదీస్తయ్, ఇగురు కిందికి జారుతది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటది. పండ్లపొడిల పొగాకు కలుపుడు 1992లనే నిషేధమైంది, అయినా ముసలోళ్ళు ఇంట్ల పొగాకు కాల్చి రుద్దుతుంటరు. పిల్లలను ఆ డబ్బా ముట్టనియ్యొద్దని చెప్పు. పందుంపుల్ల వాడేటోళ్ళను ఎగతాళి చెయ్యకు. మెత్తగ నమిలి కుచ్చు చేసి వాడమను.

తోమిచ్చుడు మొదలువెట్టక ముందే తల్లులను బడికి పిలిచి రక్తం సంగతి చెప్పు. ఎవరికి వచ్చిందో పేరు, తేదీ రాసుకొని పద్నాలుగో రోజు మళ్ళ చూడు. రాత్రి పండుకునే ముందు తోమిచ్చుడు వాళ్ళకే అప్పజెప్పు. నిద్రల లాలాజలం తగ్గుతది, పాచికి అదే అదును.

అరవై మందిని ఒక్కసారి నిలబెట్టి గొంతు పోయేదాక అరవకు. పదేసి మందిని జట్లు చెయ్యి. ఆరేండ్ల పిల్లలకు అన్నిటి వెనుక కొత్త దవడ పన్ను మొలుస్తుంటది, వాళ్ళ చెయ్యి ఆడిదాక పోదు. వాళ్ళ చేతి మీద నీ చెయ్యి పెట్టి వెనుకదాక జరుపు.

నీ పెద్దమ్మ