చిలగడదుంపకు ముక్కుపురుగు: పాడైన దుంప పశువులకు వేయకండి

సందేహం: పూసపాటిరేగ మండలంలో ఇసుక గరప నేలలో అర ఎకరం చిలగడదుంప వేశాం. నాటి 75 రోజులైంది. తీగ ఏపుగా ఉంది. నాలుగు మొదళ్లు తవ్వి చూస్తే దుంపల మీద సన్న రంధ్రాలు, కోస్తే లోపల నల్లటి సొరంగాలు. ఉడికిస్తే చేదు. ఏ మందు కొట్టాలి? పాడైన దుంపలు ఆవులకు వేయవచ్చా?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: ముందు ఆవుల సంగతి. ఆ దుంపలు వేయకండి. పురుగు తొలిచినచోట, బూజు పట్టినచోట దుంప తనను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది. మీ నోటికి తగిలిన చేదు అదే. బూజు కూడా తోడైతే వాటిలో కొన్ని పశువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఆవు మెడ చాచి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఉడికించినా ఈ విషం విరగదు. ఇప్పటికే తినిపించి ఉంటే, ఆయాసం కనిపించగానే పశువైద్యుణ్ని పిలవండి.

మీ చేనులో ఉన్నది చిలగడదుంప ముక్కుపురుగు. ఒక మొదలు దగ్గర ఉబ్బి పగిలిన తీగను చాకుతో నిలువునా చీల్చండి. పొడి లాంటి రెట్ట మధ్య గోధుమరంగు తలతో, కాళ్లు లేని తెల్లటి పురుగు దొరుకుతుంది. పెద్ద పురుగు చీమను పోలి ఉంటుంది: రెక్కలు నీలి నలుపు, నడుము, కాళ్లు ఎరుపు. ముట్టుకుంటే చచ్చినట్టు పడి ఉంటుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు నెల రోజులు చాలు. 75 రోజుల్లో మీ చేనులో రెండు తరాలు గడిచాయన్నమాట.

ఇప్పుడు ఆకుల మీద మందు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు. పిల్ల పురుగు దుంప లోపల ఉంది, అక్కడికి మందు చేరదు. అసలు కీలకం వేరేచోట ఉంది. ఈ పురుగు మట్టిని తవ్వుకుంటూ పోలేదు. దుంప ఊరేకొద్దీ బోదె పగులుతుంది, ఆ పగులే దానికి దారి. కాబట్టి ఈ వారమే పలుచగా తడి ఇచ్చి, మర్నాడు పదును మీద గొప్పు తవ్వి మొదళ్లకు మట్టి ఎగదోయండి. పైకి తేలిన దుంప ఒక్కటీ కనిపించకూడదు. నేల ఎండి మళ్లీ నెర్రెలు తీయకుండా తేలికగా తడులిస్తూ ఉండండి. నిజానికి 30, 60 రోజులకే మట్టి ఎగదోసి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు.

తవ్వకం ఆలస్యం చేయకండి. రకాన్నిబట్టి 90 నుంచి 110 రోజులకు పంట వస్తుంది. 85వ రోజు నుంచి ఒక దుంప కోసి చూడండి. కోసినచోట పాలు తెల్లగానే ఆరిపోతే తయారైనట్టు, నల్లబారితే ఇంకా లేత. తయారయ్యాక ధర కోసం నేలలో ఉంచితే పురుగు తినే వాటా పెరుగుతుంది. పుచ్చు దుంపలను మంచివాటితో కలిపి నిల్వ చేయవద్దు, గోదాములోనూ పురుగు తొలుస్తూనే ఉంటుంది. పుచ్చువి, తీగ మొదళ్లు అన్నీ ఏరి కాల్చండి, గట్టున పారేయకండి.

వచ్చే పంటకు ఈ మడిలో చిలగడదుంప మాని వరి గానీ చోడి గానీ వేయండి. చెరువు గట్ల మీద తూటికాడ, నీటి తూటికూర ఇదే కుటుంబానివి, పంట లేనప్పుడు పురుగు అక్కడ తలదాచుకుంటుంది. చేను చుట్టూ ఉన్నంతవరకైనా తీసేయండి. మళ్లీ చిలగడదుంప వేసేటప్పుడు నారుతీగ పురుగు లేని చేను నుంచే తేవాలి. మొదలు భాగం పనికిరాదు, తల్లి పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా అక్కడే. కొస నుంచి 20–30 సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఆకులతోనే రెండు రోజులు నీడన ఉంచి నాటితే వేరు త్వరగా పడుతుంది. 60 × 20 సెంటీమీటర్ల ఎడంలో అర ఎకరానికి సుమారు 16,500 ముక్కలు కావాలి.

కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 100 చదరపు మీటర్లకు ఒక లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేది) పెట్టమంటుంది. మీ అర ఎకరానికి 20 బుట్టలు. వీటిలో పడేవి మగ పురుగులే, జత దొరక్క సంతతి తగ్గడానికి సమయం పడుతుంది, అందుకే నాటినప్పటి నుంచే పెట్టాలి. ఇప్పుడు పెడితే ఈ పంటకు ఒరిగేది తక్కువ.

మళ్లీ చిలగడదుంప వేసినప్పుడు ఎరువు మోతాదు కూడా చూసుకోండి: అర ఎకరానికి యూరియా 22, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 31, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 17 కిలోలు చాలు. యూరియా మించితే తీగే పెరుగుతుంది, దుంప ఊరదు.