కారిన స్ట్రట్‌ను తుక్కుకు వేయకండి, మీ కేసు అందులోనే ఉంది

ప్రశ్న: మాది ఎల్‌బీ నగర్. 2024 ఆగస్టులో ఒక గ్యారేజీలో కారు ముందు స్ట్రట్‌లు, వెనక షాక్‌లు (చక్రాల దగ్గర కుదుపును తట్టుకునే ఆయిల్ గొట్టాలు) మార్పించాను. కంపెనీ ఒరిజినల్ అని చెప్పి 19,500 రూపాయలు తీసుకున్నాడు, యూపీఐలో కట్టాను. చేతికిచ్చింది కచ్చా బిల్లు. ఐదు నెలలకే ముందు కుడివైపు ఆయిల్ కారింది. ఒకసారి మార్చాడు, అదీ కారింది. నడుము ఆపరేషన్ అయిన మా అమ్మ ప్రతి గుంతకూ విలవిల్లాడింది. ఇప్పుడు రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. వేరే మెకానిక్ దగ్గర శనివారం మార్పించేస్తున్నాను. రాణీగంజ్‌లో తెలిసిన షాపాయన పాత తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు. దాంతో కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం చాలావరకు అమ్మగారి బాధే. కానీ కేసును తేల్చేది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన శనివారం సంగతి. ఆ రోజు విప్పిన స్ట్రట్ ఎటు పోతుంది? మెకానిక్ దాన్ని మూలన పడేసి సాయంత్రానికి తుక్కువాడికి ఇచ్చేస్తే మీ చేతిలో ఇంకేమీ మిగలదు. వస్తువులో లోపం పరీక్ష చేస్తే తప్ప తేలదు అనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ అదే చెబుతోంది. అసలు వస్తువే లేకపోతే దేన్ని పంపాలి? మొదటిసారి మార్చినప్పుడు పాతది ఆ గ్యారేజీవాడి దగ్గరే వదిలేసి వచ్చారు, పక్కా బిల్లు అడగలేదు, వారంటీ కార్డు అడగలేదు. అంత డబ్బు పెట్టినప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి కదండీ.

అవతలి లాయర్ ఏమంటాడో ఇప్పుడే చెబుతాను: గుంతల్లో స్పీడుగా తోలాడు, మౌంట్ (స్ట్రట్‌ను బండికి బిగించే భాగం) పోయింది, చక్రాల అలైన్‌మెంట్ చేయించుకోలేదు, మా సరుకు మంచిదే అంటాడు. అందుకే విప్పేటప్పుడు డస్ట్ బూట్ చూడండి. స్ట్రట్ రాడ్‌ను కప్పి ఉంచే రబ్బరు తొడుగు అది. అది చిరిగితే దుమ్ము రాడ్ మీద చేరి గీతలు పడతాయి, సీలు కోసుకుపోతుంది, ఆయిల్ బయటికొస్తుంది. పాత చిరిగిన బూటే మళ్లీ వేశాడని తేలితే సరుకు ఒరిజినల్ అయినా సేవాలోపం కిందికి వస్తుంది. సరుకే నకిలీ అయితే వస్తులోపం, దాంతోపాటు అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదులో రెండూ రాయాలి, ఏదో ఒకటే పట్టుకుని కూర్చోకూడదు.

కాబట్టి శనివారం విప్పే ముందు, విప్పాక ఫొటోలు, వీడియో తీయండి. గొట్టం మీద పార్ట్ నంబర్ ఉంటే దగ్గరగా తీయండి. ఆయిల్ తుడవకండి, స్ట్రట్ చుట్టూ స్ప్రింగ్ బిగుసుకుని ఉంటుంది కాబట్టి మీరు విప్పే ప్రయత్నం అసలే చేయకండి. గోనెసంచిలో పెట్టి కట్టి, ఏ రోజు, ఏ కారు నుంచి, ఏ వైపుది తీశాడో మెకానిక్‌తో రాయించి సంతకం పెట్టించుకోండి. సాక్ష్యం కోసమని కారిన స్ట్రట్‌తో కారు తిప్పొద్దు, బ్రేకు వేసినప్పుడు బండి పట్టు తప్పుతుంది.

ఇక ఆ పాత తేదీ బిల్లు. దాన్ని ముట్టుకోకండి! సరుకు కొన్నది గ్యారేజీలో, బిల్లు ఇంకో షాపుది. అవతలి లాయర్ మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే అది బయటపడుతుంది, అప్పుడు మీ యూపీఐ రుజువును కూడా ఎవరూ నమ్మరు. కమిషన్ విచారణ న్యాయ విచారణతో సమానం, అక్కడ దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. మీకు ఆ అవసరమూ లేదు. అతని ఖాతాలోకి డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, కచ్చా బిల్లు మీద అతని చేతిరాత ఉంది, 'కంపెనీ ఒరిజినల్' అన్న వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉంటే అంతకన్నా కావలసిందేముంది. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయండి. అడిగినా పక్కా బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, అందుకే ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. ఆయిల్ కారిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు, కొన్న రోజు నుంచే లెక్కేసుకుని 2026 ఆగస్టు లోపే వేసేయండి. నోటీసులు పంపుతూ పోతే గడువు ఆగదు, అతని 'రేపు రా' మాటలకైతే అస్సలు ఆగదు. పదిహేను రోజుల గడువుతో ఒక్క నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు పెట్టండి. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. అమ్మగారి విషయం డాక్టరు కాగితం ఉంటేనే రాయండి, లేకుండా లక్షలు అడిగితే అసలు క్లెయిమే పలుచనవుతుంది.

కొత్త స్ట్రట్‌లు ఛాసిస్ నంబర్ చెప్పి తీసుకోండి. ముందువి రెండూ ఒకేసారి మార్చండి, ఎడమ కుడి తేడా చూడండి, మౌంట్, బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు), డస్ట్ బూట్ కొత్తవి వేయించి అలైన్‌మెంట్ చేయించండి. అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, నెల సంవత్సరం ఉన్నాయో లేదో చూసి ఆ పెట్టె దాచండి. జీఎస్టీ బిల్లులో పార్ట్ నంబర్, బండి నంబర్, కిలోమీటర్ల రీడింగ్ రాయించండి. ఆ బిల్లును కూడా ఫిర్యాదుకు జత చేయండి, మళ్లీ పెట్టిన ఖర్చు అడగడానికి అదే ఆధారం.