ప్లగ్గు, కాయిల్ మార్చినా పెట్రోల్ కారు మిస్ కొడుతోంది, కంప్రెషన్ తగ్గిందని ఎలా తెలుస్తుంది?

ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో సిలిండర్‌కీ కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే తేడా అక్కడే. గాలీ పెట్రోలూ కలిసి గట్టిగా నొక్కుకుపోతేనే సరిగా మండుతాయి, పిస్టన్ రింగులో, వాల్వో, హెడ్ గాస్కెట్టో లీకైతే ఆ ఒత్తిడి నిలవదు, ఇక స్పార్క్ ఎంత బాగున్నా లాభం లేదు.

కోనసీమలో వాడే ఒక కారుకి మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), నాలుగోది 90 చూపించాయనుకోండి. ఆ నాలుగోదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. బాగా పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వ్ లేదా గాస్కెట్. వరదనీళ్లు దాటేటప్పుడు బండి ఆగిపోయి, ఆ తర్వాతే ఇది మొదలైతే, నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని పట్టి ఉంచే కడ్డీ) వంగిందేమో కూడా చూపించండి, ఇది తప్పకుండా.

స్కానర్‌లో పీ0304 (నాలుగో సిలిండర్ మిస్ కొడుతోందనే కోడ్) వస్తే కాయిల్ పోయినట్టే అనుకుంటారు చాలామంది, కానీ ఆ కోడ్ ఏ సిలిండరో చెబుతుందంతే, కారణం చెప్పదు.